టెక్ సందేహాలు: గోడ దాటిపోతున్న రిబ్స్

ప్రశ్న: ఫ్రీక్యాడ్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వంపు తిరిగిన ఒక కవర్ గీసి, ‘థిక్‌నెస్’ టూల్‌తో 2 మి.మీ. గోడ ఉంచి డొల్ల చేశాను. లోపల బలం కోసం రిబ్ (సన్నని అడ్డు పలక) గీసి ‘ప్యాడ్’ టూల్‌తో సాగదీస్తే ఒక కొస గోడను చీల్చుకుని బయటికొస్తోంది, రెండో కొస గోడకు అందడం లేదు. ‘అప్ టు ఫేస్’ (ఎంచుకున్న తలం దాకా సాగడం) పెడితే ఎర్రర్. కొలతలు మార్చీ మార్చీ విసుగొచ్చింది.

జవాబు: ముందు ఆ కొలవడం మానేయండి, సగం తలనొప్పి పోతుంది. మీ రిబ్ కొస చదునుగా ఉంది, గోడేమో వంపుగా ఉంది. ఎంత పొడవిచ్చినా పైన తాకితే కింద తాకదు. ‘అప్ టు ఫేస్’ ఒక్క ఫేస్‌నే అడుగుతుంది. వంపు గోడ సాధారణంగా రెండు మూడు ఫేస్‌లుగా ఉంటుంది కాబట్టి, రిబ్ ఆ అంచు దాటగానే టూల్ చేతులెత్తేస్తుంది.

నేనైతే రిబ్‌ను వేరే బాడీలో, అంటే విడి ఆకారంగా, రెండు పక్కలా గోడ దాటి బాగా బయటికొచ్చేలా పొడుగు పలకగా గీస్తాను. డొల్ల చేయకముందు కవర్ గట్టి దిమ్మలా ఉండేది కదా, ఆ దశకు ఒక కాపీ తీస్తాను. పార్ట్ వర్క్‌బెంచ్‌లో ‘3డీ ఆఫ్‌సెట్’ తెరిచి, మైనస్ 1 మి.మీ. ఇచ్చి ఆ దిమ్మను లోపలికి కుదిస్తాను. దానికీ పలకకూ ‘ఇంటర్‌సెక్షన్’ చేస్తే ఉమ్మడి భాగం మాత్రమే మిగులుతుంది. అంటే పలక కొసలు గోడ వంపు ప్రకారమే తెగి, గోడ మందానికి సరిగ్గా మధ్యలో ఆగుతాయి. ఇక డొల్ల కవర్‌తో ‘యూనియన్’ చేసేయడమే.

కుదించకుండా చేస్తే ఏమవుతుంది? రిబ్ కొస, కవర్ బయటి తలం ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వంపు తలాలు అలా కలిసిపోయిన చోట బూలియన్ (ఇలా ఆకారాల్ని కలపడం, తెంచడం) తరచూ మొండికేస్తుంది. ఇంకో చిక్కు: కవర్ అంచుల్లో 1 మి.మీ. కంటే చిన్న ఫిల్లెట్లు (గుండ్రం చేసిన మూలలు) ఉంటే ఆఫ్‌సెట్టే ఫెయిలవ్వొచ్చు. ఫిల్లెట్లు పెట్టకముందు దశ నుంచి కాపీ తీసుకోండి.

సాలిడ్‌వర్క్స్ వాడేవాళ్లకు ఇంత తతంగం లేదు. షెల్ (డొల్ల) చేశాక ఒక్క గీత గీసి ‘రిబ్’ నొక్కితే అదే గోడదాకా పాకుతుంది. ఎర్రర్ వస్తే ముందు బాణం చూడండి, గోడ వైపు కాకుండా ఖాళీ వైపు తిరిగి ఉంటుంది. ఫ్యూజన్‌లో రెండు టూల్స్ ఉన్నాయి: పక్క నుంచి చూసి గీసేదానికి ‘రిబ్’, పైనుంచి చూసి గళ్లలా గీసేదానికి ‘వెబ్’. చాలామంది వీటిని తారుమారు చేసి సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు.

దేంట్లో చేసినా చివర్లో సెక్షన్ వ్యూ (పార్ట్‌ను అడ్డంగా కోసినట్టు చూడటం) తప్పనిసరి. వెంట్రుకవాసి సందు మిగిలినా బయటి నుంచి కనిపించదు. నేనోసారి చూసుకోకుండా పంపితే రిబ్ విడి ముక్కగా చేతికొచ్చింది.

ప్రశ్న: బలం కోసం రిబ్‌కు కూడా గోడంత మందం, 2 మి.మీ. పెట్టాను. ప్లాస్టిక్ అచ్చు చేసేవాళ్లు ఒప్పుకోలేదు. ఎందుకు?

జవాబు: వాళ్లదే కరెక్ట్. సెక్షన్‌లో రిబ్, గోడ కలిసే చోట పట్టినంత పెద్ద వృత్తం గీసి చూడండి. మూలల్లో 0.5 మి.మీ. ఫిల్లెట్ ఉంటే మీ వృత్తం వ్యాసం 2.75 మి.మీ. వస్తుంది. రిబ్‌ను 1.2కి తగ్గిస్తే 2.4. ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట ఆలస్యంగా చల్లారి, ముడుచుకుని, బయటి తలాన్ని లోపలికి లాగుతుంది. నున్నగా ఉండాల్సిన కవర్ మీద రిబ్ వెంబడే సొట్ట గీత పడుతుంది. అందుకే రిబ్ మందం గోడలో 50-60 శాతం దాటనివ్వరు.

బలం కావాలంటే ఎత్తు పెంచండి. రిబ్ ఒక్కదాన్నే తీసుకుంటే, మందం రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే శక్తి రెట్టింపే అవుతుంది, ఎత్తు రెట్టింపు చేస్తే 8 రెట్లవుతుంది. అలాగని ఆకాశానికి లేపకండి, గోడ మందానికి 3 రెట్లు, అంటే మీకు 6 మి.మీ. చాలు. చాలకపోతే పక్కన ఇంకో సన్న రిబ్ పెట్టండి. అచ్చులోంచి ఊడిరావడానికి రెండు పక్కలా ఒక్కో డిగ్రీ డ్రాఫ్ట్ (వాలు) ఇస్తే, అడుగున 1.2 ఉన్నది కొసకొచ్చేసరికి సుమారు 1 మి.మీ. అవుతుంది.

ప్రశ్న: 3డీ ప్రింట్ తీసుకోవాలన్నా ఇవన్నీ గీయాలా?

జవాబు: ఫిలమెంట్ (ప్లాస్టిక్ తీగ) ప్రింటర్, అన్ని వైపులా మూసుకున్న పార్ట్ అయితే అక్కర్లేదు. గట్టి దిమ్మగానే పంపండి, లోపలి జల్లెడను స్లైసర్ (మోడల్‌ను పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) ఇన్‌ఫిల్‌గా వేసుకుంటుంది. తెరిచి ఉన్న కవర్‌కైతే గీయాలి. 0.4 మి.మీ. నాజిల్‌కు (ప్లాస్టిక్ కారే మూతి) రిబ్ మందం 0.8 లేదా 1.2 మి.మీ. పెట్టండి. రెసిన్ (గట్టిపడే ద్రవం) ప్రింటర్‌లో డొల్ల పార్ట్‌కు ద్రవం కారడానికొకటి, గాలి రావడానికొకటి రెండు రంధ్రాలుండాలి. అయితే రిబ్స్ లోపలి ఖాళీని గదులుగా విడగొడతాయి. ప్రతి రిబ్‌లోనూ ఒక కిటికీ కోయకపోతే మూసుకుపోయిన గదిలో రెసిన్ అలాగే నిలిచిపోతుంది.