సండే స్కూల్ టీచర్లను పర్సనాలిటీ టెస్ట్ పెట్టి ఎంచుకోవచ్చా?

వందనాలు సిస్టర్. రాయగడలోని మీ సంఘంలో సండే స్కూల్ టీచర్లను, యూత్ లీడర్‌ను ఎంచుకోవడానికి పర్సనాలిటీ టెస్ట్ (ప్రశ్నలకు టిక్కులు పెట్టించి మనిషి స్వభావం ఎలాంటిదో చెప్పేది) పెట్టమని ఏదో ట్రైనింగ్‌లో చెప్పారని రాశారు. ఇది జాతకం చూపించుకోవడం లాంటిదే, విశ్వాసులకు తగదని మీ సంఘ పెద్ద ఒకరు అడ్డం పడుతున్నారని కూడా రాశారు. నేను పర్లాకిమిడిలో సంఘ పెద్దని, యూత్ పని కూడా చూస్తాను. మా కమిటీ అంతా కూర్చుని ఇలాంటి టెస్టులు రాశాం. నా మాట ఇది: మనుషులను ఎంచుకోవడానికి పెట్టకండి. ఇప్పటికే కలిసి పనిచేస్తున్నవాళ్లు ఒకరి తీరు ఒకరు తెలుసుకోవడానికైతే పెట్టుకోండి.

ముందు జాతకం సంగతి. ఎంబీటీఐ అనే టెస్టును అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ తయారుచేశారు. దానికి ఆధారం స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో రాసిన సిద్ధాంతం. ఇలాంటిదే డిస్క్ అనే ఇంకో టెస్టుకు మూలం 1928లో విలియం మార్‌స్టన్ అనే అమెరికా సైకాలజిస్టు రాసిన పుస్తకం. వీటిలో గ్రహాలూ లేవు, నక్షత్రాలూ లేవు. మీరు పెట్టిన టిక్కులనే లెక్కగట్టి మీకు తిరిగి చెబుతాయి, అంతే.

అలాగని ఆ పెద్దాయన భయాన్ని కొట్టిపారేయలేం. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన విద్యార్థులకు ఒక టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వాళ్లదని చెప్పి తలా ఒక కాగితం ఇచ్చాడు. మీకు ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితంలోనూ ఒకటే రాసి ఉంది, అదీ జ్యోతిషం పుస్తకంలోంచి ఏరి రాసింది. "మీరు పైకి ధైర్యంగా కనిపిస్తారు కానీ లోపల టెన్షన్ పడతారు" అంటే కాదనేవాళ్లెవరు? కాబట్టి "అచ్చం నా గురించే చెప్పింది బ్రదర్" అని ఎవరైనా ఆశ్చర్యపోతే, దాన్ని రుజువు కింద లెక్కవేయకండి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మేం రాసిన కాగితంలో "పార్టీలకు వెళ్తే మీకు ఉత్సాహం వస్తుందా?" అని ఒక ప్రశ్న. మా పెద్దల్లో ఒకాయన కళ్లజోడు పైకెత్తి "ఏ పార్టీ?" అన్నారు. అవి ఎన్నికల రోజులు, ఆయన రాజకీయ పార్టీ అనుకున్నారు. పక్కనున్న సిస్టర్ మందు పార్టీ అనుకుని గట్టిగా "లేదు" మీద టిక్కు పెట్టింది. నిజానికి మా సంఘంలో ఆవిడకన్నా కలుపుగోలు మనిషి లేదు. "మీకు త్వరగా కోపం వస్తుందా?" అన్న చోట అందరూ "రాదు". విశ్వాసికి కోపం వస్తుందని కాగితం మీద ఎవరు ఒప్పుకుంటారు, అదీ పాస్టరు గారు చూస్తారని తెలిసి! ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండవైపు బంధువులతో సవర మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషు నుంచి మక్కీకి మక్కీ దింపిన ప్రశ్నలు ఇస్తే జవాబులు ఇలాగే ఉంటాయి.

ఎంచుకోవడానికి వద్దని ఎందుకంటున్నానో ఒక కుర్రాడి సంగతి చెబితే తెలుస్తుంది. మాకు తెలిసిన వేరే సంఘంలో అతనికి టెస్టులో ఇంట్రోవర్ట్ అని, అంటే నలుగురిలో అంతగా కలవని మనిషని వచ్చింది. దాంతో రోగులను, ఇళ్లను చూడ్డానికి వెళ్లే విజిటింగ్ టీమ్ నుంచి తీసేసి, సౌండ్ బాక్సుల పని అప్పగించారు. తర్వాత ఉద్యోగరీత్యా మా వైపు వచ్చాడు. ఒకసారి ఆస్పత్రిలో ఉన్న ఒక సవర ముసలమ్మను చూడ్డానికి మాతో తీసుకెళ్లాం. మేం ప్రార్థన చేసి, నాలుగు ధైర్యం మాటలు చెప్పి లేచాం. అతను లేవలేదు. ఫ్లాస్కులో వేడినీళ్లు నింపాడు, మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో నర్సును ఒడియాలో అడిగి, ఆమెకు సవరలో చెప్పాడు, తర్వాత ఏమీ మాట్లాడకుండా మంచం పక్కన కూర్చుండిపోయాడు. మర్నాడు ఆమె మా ఎవరి గురించీ అడగలేదు, ఆ అబ్బాయి వస్తాడా అని అడిగింది.

ఎంబీటీఐ అమ్మే సంస్థ కూడా దాన్ని ఉద్యోగాల ఎంపికకు వాడకూడదనే చెబుతుంది. మరి సేవకు ఎంచుకోవడానికి ఎలా వాడతాం? నెట్‌లో ఉచితంగా దొరికేవి చాలావరకు అసలు ఎంబీటీఐ కూడా కావు. పరిశోధకులు ఎక్కువగా నమ్మేది బిగ్ ఫైవ్ అనే పద్ధతిని. అది ఎంబీటీఐలాగా మనుషులను ఫలానా టైప్ అని గదుల్లో పెట్టదు, అయిదు గుణాల్లో ఒక్కోటి ఎంత పాళ్లలో ఉందో చెబుతుంది. అయినా మన పనికి అదీ గీటురాయి కాదు.

నాయకులకు ఇంకో ప్రమాదముంది, నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది అదే. "నేను డి టైప్ బ్రదర్, ముక్కుసూటిగా మాట్లాడతాను" అని (డిస్క్ టెస్టులో డి అంటే పైచేయిగా ఉండే తత్వం) చెప్పి కమిటీలో అందరి మీదా కేకలేసేవాళ్లను చూశాను. బైబిల్లో గలతీ 5లో సాత్వికము, ఆశానిగ్రహము అన్నవి ఫలానా టైప్ వాళ్లకే రాయలేదు కదా.

మాకు ఇది పనికొచ్చిన చోటూ ఉంది. మా సెక్రటరీకి ఏ విషయమైనా అక్కడికక్కడే తేలాలి. ట్రెజరర్ గారేమో "ఆలోచించి చెబుతాను" అంటారు. ట్రెజరర్ కావాలనే నాన్చుతున్నారని సెక్రటరీ, సెక్రటరీ తన నోరు నొక్కేస్తున్నారని ట్రెజరర్ ఎప్పటినుంచో లోపల్లోపల ఉడికిపోతున్నారు. టెస్ట్ రాశాక ఎవరి కాగితం వాళ్లే చదువుకుని, ఇష్టమైనంతవరకే బయటికి చెప్పుకున్నాం. ఇద్దరూ నవ్వేశారు. అప్పట్నుంచి ఆదివారం మీటింగులో మాట్లాడాల్సిన విషయాలు శుక్రవారమే వాట్సాప్‌లో పెడుతున్నాం. మారింది ఆ ఒక్కటే, కానీ మీటింగులు గంట ముందే ముగుస్తున్నాయి.

మీ టీచర్ల విషయానికొస్తే, పరిచారకులను ముందుగా పరీక్షించి చూడమని 1 తిమోతి 3:10లో ఉంది. కొత్తవాళ్లను పాత టీచర్ పక్కన మూడు నెలలు కూర్చోబెట్టండి. పిల్లలు దగ్గరికి వెళ్తున్నారా, టైముకు వస్తున్నారా, అల్లరి పిల్లాడితో ఎలా ఉంటున్నారు అన్నది చూడండి, తల్లులను అడగండి. ఇప్పటికే ఎవరిచేతైనా టెస్ట్ రాయించి ఉంటే ఆ కాగితాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. గ్రూపులో మాత్రం ఫొటోలు పెట్టకండి.