సంతకం పెట్టే ముందు

అమ్మడూ,

మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ పనిలో చేరావని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ ఆ సాయంత్రమే వీధంతా స్వీట్లు పంచేసింది. నువ్వేమో తేదీలు తలుచుకుంటేనే టెన్షన్ అన్నావట. నాకు రాకెట్లు తెలియవు. ముప్ఫై ఏళ్లు బాయిలర్ల దగ్గర పర్మిట్ల మీద సంతకాలు పెట్టినవాణ్ణి. ఆ సంగతే రాస్తాను.

మీటింగులో ప్రశ్న ఎటు తిరిగి ఉందో చూసుకో. మామూలు రోజుల్లో "ఇది క్షేమమని చూపించు" అంటారు. తేదీ దగ్గరపడేసరికి అదే మనుషులు "ప్రమాదమని నిరూపించు" అంటారు. ఎవరూ అబద్ధమాడరు, గొంతు కూడా పెంచరు.

1986 జనవరి 27 రాత్రి జరిగిందిదే. అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్‌ని పైకి తోసే బూస్టర్ రాకెట్ల అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి గట్టిపడి సందు మూయలేవని, సుమారు 12 డిగ్రీల కంటే చలిగా ఉంటే ఎగరేయొద్దని, బూస్టర్లు చేసిన కంపెనీ ఇంజనీర్లు ఫోన్‌లో నాసాకు చెప్పారు. తప్పకుండా విఫలమవుతాయని మాత్రం అంకెలతో చూపలేకపోయారు. కంపెనీ పెద్దలు ఫోన్ మ్యూట్‌లో పెట్టి మాట్లాడుకుని మాట మార్చేశారు. ఫ్లోరిడాలో ఉన్న వాళ్ల మనిషి అలన్ మెక్‌డొనాల్డ్ ఎగరేయొచ్చన్న కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. పైవాళ్ల సంతకం యూటా నుంచి ఫ్యాక్స్‌లో వచ్చింది! మర్నాడు ఎగిరే వేళకు 2 డిగ్రీలుంది. 73 సెకన్లకే నౌక ముక్కలైంది, అందులోని ఏడుగురూ పోయారు.

అంతకుముందు ప్రయోగాల్లోనూ ఆ రింగులు కాలాయి, ఏమీ కాలేదు. నన్ను భయపెట్టేది ఇదే. ఒకసారి పండగ ముందు రోజు, సేఫ్టీ వాల్వు పరీక్ష సెలవుల తర్వాత చేద్దామంటే సరేనని సంతకం పెట్టాను. ఏమీ కాలేదు. రెండోసారి చెయ్యి ఇంకా తేలిగ్గా ఆడింది.

మన కల్పనా చావ్లా పోయిన కొలంబియా నౌక విషయంలోనూ అంతే. రెక్కకు నురుగు ముక్క తగిలింది, కక్ష్యలో ఉండగానే ఫోటోలు తీయించండని ఇంజనీర్లు అడిగితే, ఆ అవసరాన్ని వాళ్లే నిరూపించుకోవాల్సి వచ్చింది. అప్పట్లో 2004 ఫిబ్రవరి 19కి ఎంత టైముందో లెక్కపెట్టే స్క్రీన్‌సేవర్ మేనేజర్లకు పంపారట. అంతరిక్ష కేంద్రానికి ఒక భాగం పంపాల్సిన తేదీ అది. గోడ మీద క్యాలెండర్ చాలదూ?

అందుకని, హద్దులేవో తేదీ దూరంగా ఉన్నప్పుడే కాగితం మీద పెట్టించు. తర్వాత ఎవరైనా సడలించమంటే, నిన్నటికీ ఇవాళ్టికీ కొత్తగా ఏం తెలిసిందో అడుగు. తేదీ దగ్గరపడిందన్నది కొత్త సంగతి కాదు. నీ అభ్యంతరం నోటితో చెప్పి ఊరుకోకు, రాసిపెట్టు.

శ్రీహరికోట షార్‌లో చంద్రయాన్-2ని 2019 జూలై 15 తెల్లవారుజామున 56 నిమిషాల ముందు ఆపేశారు, గుర్తుందా? రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు, దేశమంతా టీవీల ముందుంది. మనిషి లేని రాకెట్‌కే అంత చేశారు. నిద్ర పాడైందని మీ పెద్దమ్మ విసుక్కుంది. 22న ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టింది కూడా ఆవిడే.

సూళ్లూరుపేటలో ఇల్లు దొరికిందా? మీది ఎప్పుడైనా వాయిదా పడితే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ నేను సర్దిచెప్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న