మిషన్ ట్రిప్ నుంచి వచ్చాక ప్రార్థన రావట్లేదంటే విశ్వాసం పోయినట్టేనా?

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. రెండు వారాలు వేరే దేశం మిషన్ ట్రిప్‌కి వెళ్ళారు, అక్కడున్నన్ని రోజులూ దేవుడు పక్కనే నడుస్తున్నట్టు అనిపించింది, తిరిగొచ్చి ఆరు వారాలైంది, ఇప్పుడు మోకాళ్ళేస్తే మాట రావట్లేదు, సంఘంలో కూర్చుంటే పాటలు కూడా చప్పగా ఉన్నాయి, అక్కడ కలిగింది నిజమైన విశ్వాసమా లేక ఒట్టి ఎమోషనా, ఇప్పుడు అది పోయిందా, వచ్చే ఏడు మళ్ళీ వెళ్తే తిరిగొస్తుందా అని అడిగారు. నాకు తెలిసినంతలో పోలేదు. కానీ ఒక్క మాటలో చెప్తే మీకు ఊరట రాదు కాబట్టి నాకేం జరిగిందో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను 2017లో ఆఫ్రికాలోని మలావీ వెళ్ళాను. పదకొండు మంది టీమ్, పద్నాలుగు రోజులు. పొద్దున్నే అందరం కలిసి డివోషన్, తర్వాత ఊళ్ళోకి హౌస్ విజిటింగ్, మధ్యాహ్నం పిల్లల మీటింగ్, రాత్రి సువార్త సభ, పడుకునే ముందు మళ్ళీ ప్రేయర్. ఫోన్‌లో సిగ్నల్ ఉండేది కాదు, ఆఫీసు లేదు, ఇంటి గొడవలు లేవు, రోజుకి నాలుగుసార్లు ప్రార్థన చేయకుండా ఉండటానికే కుదరదు అక్కడ. నేనైతే ఇదే నా పిలుపు, ఉద్యోగం మానేసి వచ్చేస్తాను అని కూడా అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఫ్లైట్‌లో ఏడ్చాను.

వచ్చిన రెండో ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. స్లైడ్లు తయారు చేసుకుని వెళ్ళాను. ఒక స్లైడ్‌లో నా ఒళ్ళో కూర్చున్న ఏడెనిమిదేళ్ళ బాబు ఫోటో, కింద "వీళ్ళకి ఏమీ లేదు, అయినా సంతోషం ఉంది" అని రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయాక మా సంఘంలో ఒక పెద్దాయన దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, ఆ బాబు పేరేంటమ్మా, నేను ప్రార్థనలో పెట్టుకుంటాను అన్నారు. మామూలుగానే అడిగారు, పరీక్ష పెట్టాలని కాదు. నాకు పేరు తెలీదు. పద్నాలుగు రోజులూ వాడు నా చెయ్యి వదల్లేదు, నా దగ్గర వాడి ఫోటోలే నలభై దాకా ఉన్నాయి, పేరు మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. మర్చిపోయానండీ అని అబద్ధం చెప్పాను.

ఆ రోజు రాత్రి నుంచే నాకు ప్రార్థన ఆగిపోయింది. మీకు ఆరు వారాలంటున్నారు, నాకు దాదాపు ఐదు నెలలు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపించేవి అంతే. ఎవరితోనూ చెప్పలేదు, ఎందుకంటే మిషన్‌కి వెళ్ళొచ్చిన అమ్మాయి కదా, ఆత్మీయంగా ఎంత ఎదిగి ఉంటుందో అని అందరూ అనుకుంటున్నారు, యూత్ మీటింగ్‌లో నన్నే ప్రార్థన చేయమనేవాళ్ళు, నేను నోటికొచ్చిన మాటలన్నీ పేర్చి ఆమెన్ అనేదాన్ని. ఆ ఐదు నెలల్లో నన్ను ఎక్కువ పాడు చేసింది ఈ నటనే, ప్రార్థన రాకపోవడం కాదు. మీరు ఇక్కడ పేరు పెట్టకుండానైనా సరే అడిగారు, నేను చేయలేని పని మీరు చేశారు.

మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. మా టీమ్ రిపోర్టులో "140 మంది ప్రభువుని అంగీకరించారు" అని రాశారు, చివరి రెండు సభల్లో చేతులెత్తిన వాళ్ళని లెక్కపెట్టి. నేనే లెక్కపెట్టాను అందులో సగం. కొన్నాళ్ళకి అక్కడి పాస్టర్ గారితో వాట్సాప్‌లో మాట్లాడుతుంటే ఆయన చాలా మర్యాదగా, వాళ్ళలో చాలామంది మా సంఘం పిల్లలే సిస్టర్, అతిథులు వచ్చి చెయ్యెత్తమంటే ఎత్తుతారు, పోయినేడు వచ్చిన వాళ్ళకీ ఎత్తారు అన్నారు. కోపంగా అనలేదు. కానీ నాకు కాళ్ళ కింద నేల జారిపోయింది. అయితే మేం అక్కడ చేసిందేంటి, నాకు కలిగిన ఆనందం దేని మీద నిలబడింది అని.

ఇంత జరిగాక కూడా ఒక్క జ్ఞాపకం మాత్రం నన్ను వదల్లేదు, అది ఏ రిపోర్టులోనూ లేదు. ఆరో రోజో ఏడో రోజో ఒక ఇంటికి తీసుకెళ్ళారు. లోపల చాప మీద ఒకావిడ కూర్చుని ఉంది, వయసు నా అంతే ఉంటుంది. పది రోజుల క్రితం ఆవిడ చిన్న బిడ్డ మలేరియాతో చనిపోయింది. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే బ్యాగ్ మీదకి వెళ్ళింది, ఎందుకంటే అందులో నా మలేరియా మాత్రల స్ట్రిప్ ఉంది, మాకు రాకుండా ముందు జాగ్రత్తగా రోజుకొకటి వేసుకునేవాళ్ళం. ఆ పొద్దున కూడా వేసుకున్నాను. జిప్ మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాను, ఆవిడకి అది కనబడకూడదు అనిపించింది, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నేను ప్రార్థన చేయాలి. ఆదరణ గురించి నేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర, ఒక్కటి కూడా నోట్లోకి రాలేదు. అప్పుడు ఆవిడ వాళ్ళ భాష చిచేవాలో ఏదో అంది, అనువాదం చేసే అబ్బాయి కాసేపు ఆగి, ఆవిడ మీ కోసం ప్రార్థన చేస్తానంటోంది అన్నాడు. చేసింది. నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు చేసింది, ఆ అబ్బాయి సగమే చెప్పగలిగాడు. నేను క్షేమంగా ఇల్లు చేరాలని, మా అమ్మ నన్ను మళ్ళీ చూడాలని అడిగిందట. బిడ్డని పోగొట్టుకున్న తల్లి మా అమ్మ గురించి ఆలోచించింది. "ములుంగు" అనే మాట ఒక్కటే నాకు అర్థమైంది, దేవుడని.

నా అనుమానాలన్నీ కూడా అక్కడే మొదలయ్యాయని తర్వాత తెలిసింది. నాకు మాత్రలు ఉండి ఆ బిడ్డకి ఎందుకు లేవు అనే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు, దేవుని చిత్తం అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ప్రశ్న దేవుణ్ణి అడగటానికి భయపడి, అది లోపల పెట్టుకుని మిగతా మంచి మాటలన్నీ చెప్పబోయాను, అందుకే గొంతు మూసుకుపోయింది. ఐదు నెలల తర్వాత ఒక రాత్రి ఆ ప్రశ్నే గట్టిగా అడిగేశాను, తలుపేసుకుని, కోపంగా. జవాబు రాలేదు. కానీ మాట వచ్చింది, చాన్నాళ్ళకి దేవుడితో నిజంగా మాట్లాడాను అనిపించింది. మీకూ అలాంటిది ఏదైనా అడ్డం పడి ఉందేమో చూడండి, అక్కడ చూసి ఇక్కడ ఎవరికీ చెప్పనిది. ఉంటే ముందు అదే చెప్పండి ఆయనకి. కీర్తనల్లో చాలా అలాంటి మొరలే కదా.

ఇంకొకటి. చివర్లో ఒకరోజు మమ్మల్ని మలావీ సరస్సు ఒడ్డున కేప్ మాక్లియర్ అనే చోటికి తీసుకెళ్ళారు. కొండ పాదం దగ్గర కొన్ని పాత సమాధులున్నాయి. ఎండగా ఉంది, ఒక ఫోటో తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను. ఇంటికొచ్చి ఆ ఎండిపోయిన రోజుల్లో వాటి గురించి చదివాను. ఆఫ్రికాలో తిరిగిన స్కాట్లండ్ మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ 1873లో చనిపోయాక ఆయన పేరుతో స్కాట్లండ్ వాళ్ళు 1875లో అక్కడ లివింగ్‌స్టోనియా మిషన్ మొదలుపెట్టారు. జ్వరాలతో ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆ సమాధుల్లో ఒకటి షాడ్రక్ న్గునానాది, ఆయన తెల్లాయన కాదు, దక్షిణాఫ్రికాలో లవ్‌డేల్ నుంచి వచ్చిన నల్లజాతి సువార్తికుడు, 1877లో చనిపోయాడు. అన్నేళ్ళ కష్టానికి మొదటి బాప్తిస్మం 1881లో, ఆల్బర్ట్ నమలంబే అని ఒకే ఒక్కడు. అదే ఏడాది మిషన్ ఆ చోటు వదిలి సరస్సు ఒడ్డునే ఉత్తరంగా బందావేకి వెళ్ళిపోయింది, నమలంబే మాత్రం అక్కడే ఉండి పని సాగించాడు. వాళ్ళతో 1875లో వచ్చిన డాక్టర్ రాబర్ట్ లాస్ 1927 దాకా ఆ దేశంలోనే ఉన్నారు. యాభై రెండేళ్ళు!

నేను రెండు రాత్రుల్లో 140 రాసుకొచ్చాను. వాళ్ళకి ఆరేళ్ళలో ఒక్కరు. ఇది చదివి సిగ్గుతో పాటు పెద్ద ఊరట కూడా కలిగింది, ఏంటంటే దేవుడు ఆ దేశానికి నా ఫ్లైట్‌లో రాలేదు, నా ఫ్లైట్‌లో తిరిగి వెళ్ళిపోనూ లేదు. నాకంటే నూట నలభై ఏళ్ళ ముందు నుంచి అక్కడ పని జరుగుతోంది. ఇప్పుడక్కడ నూటికి డెబ్బై మందికి పైగా క్రైస్తవులే, వాళ్ళకి సువార్త నేనే మోసుకెళ్తున్నాను అనుకుని వెళ్ళాను నేను. ఈ మాట వెళ్ళేముందే మా లీడర్లు చెప్పి ఉంటే బాగుండేది, అది మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

జాన్ వెస్లీ సంగతి మీకు తెలిసే ఉంటుంది, మెథడిస్టు సంఘాలు ఆయన నుంచే వచ్చాయి. ఆయన కూడా ఇలాగే 1735లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి అమెరికాలో జార్జియాకి మిషనరీగా వెళ్ళాడు. దారిలో పెద్ద తుఫాను, తెరచాప చిరిగిపోయింది, ఈయనకి చావంటే వణుకు, పక్కన మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు పిల్లలతో సహా ప్రశాంతంగా పాటలు పాడుకుంటున్నాయి. జార్జియాలో అనుకున్నదేదీ జరగలేదు, సంఘంలో గొడవలు, కోర్టు కేసు, 1737 చివర్లో ఓడెక్కి వచ్చేశాడు. తిరిగొస్తూ డైరీలో రాసుకున్నాడు, నేను ఇండియన్లని (అంటే అమెరికా ఆదివాసుల్ని) మార్చడానికి వెళ్ళాను, మరి నన్నెవరు మారుస్తారు అని. తర్వాత 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న మీటింగ్‌కి ఇష్టం లేకుండానే వెళ్తే అక్కడ ఆయన గుండె వెచ్చబడింది. ఇంటికొచ్చిన మూడు నాలుగు నెలలకి, మామూలు సాయంత్రం, ఊళ్ళోనే. మీకూ సరిగ్గా అలాగే అవుతుందని నేను మాటివ్వలేను, కాకపోతే మిషన్ నుంచి ఖాళీగా తిరిగొచ్చిన వాళ్ళలో మీరు మొదటివాళ్ళు కాదు, ఆయనంతటి వాడికీ తప్పలేదు.

ఇక ఇప్పుడేం చేయాలి అన్నారు. ముందు నిద్ర సరిగ్గా పోండి, నేను సీరియస్‌గానే చెప్తున్నా. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసొచ్చి చెట్టు కింద పడి నా ప్రాణం తీసుకో ప్రభువా అంటే దేవుడు ఆయన్ని తిట్టలేదు, దూత చేత రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులు సేవ చేసి తిరిగొచ్చి అన్నీ చెప్పుకుంటే యేసు ప్రభువు ముందు అన్నది కూడా ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోండి అనే. మనవాళ్ళు వచ్చిన వారానికే స్టేజీ ఎక్కిస్తారు. సాక్ష్యం చెప్పమంటే ఇంకొన్నాళ్ళు ఆగండి అని చెప్పండి, తప్పేం లేదు.

రోజుకి గంట ప్రార్థన రావట్లేదని కుమిలిపోకండి, నాకైతే మొదట్లో రెండు నిమిషాలే వచ్చేది. పాటలు పాడలేకపోతే పక్కవాళ్ళు పాడేది వినండి. మీ సంఘంలో ఒక్కరికి, మిమ్మల్ని తక్కువగా చూడరు అని నమ్మకమున్న ఒక్కరికి, ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చివరికి ఆ పెద్దాయనకే చెప్పాను, పేరు మర్చిపోలేదండీ, అసలు అడగనే లేదు అని. ఆయన ఏమీ అనలేదు, అయితే ఇప్పుడు అడుగమ్మా అన్నారు.

అడిగాను. అక్కడి పాస్టర్ గారికి ఫోటో పంపిస్తే నాలుగు రోజులకి వాయిస్ మెసేజ్ వచ్చింది, బాబు పేరు ఆ బాబు గొంతుతోనే, వెనకాల ఎవరో నవ్వుతున్నారు. మూడుసార్లు విన్నాను సరిగ్గా పలకటానికి. ఆ పేరు ఇక్కడ పెట్టను, అది వాడిది. నా ప్రార్థన పుస్తకంలో మొదటి పేజీలో ఉంది, దాని కింద చాప మీద కూర్చున్న ఆవిడ పేరు కూడా, ఆయన్ని అడిగే తెలుసుకున్నాను.

వచ్చే ఏడు ట్రిప్ గురించి అడిగారు కదా, పోయిన ఫీలింగ్ కోసమైతే ఇప్పుడప్పుడే పేరివ్వకండి. నేను మళ్ళీ 2022లో వెళ్ళాను, అక్కడి సంఘం వాళ్ళు అకౌంట్లు రాయడానికి ఒకరు కావాలి అంటే, మూడు వారాలు, స్టేజీ ఎక్కలేదు, ఫోటోలు కూడా పెద్దగా తీయలేదు. రాత్రి సభల్లో వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఆ బాబు అప్పటికి నా భుజం దాకా ఎదిగాడు, నన్ను గుర్తుపట్టలేదు, నేనే పేరు పెట్టి పిలిచాను.