ఆ దగ్గు గురించి రాయమ్మా

అమ్మా,

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లన్నీ కలిపిన 'డిస్కవరీ' పెట్టె మీద నువ్వు పంపిన సమీక్ష మూడుసార్లు చదివాను. మొదటి రెండుసార్లూ కోపంతోనే చదివాను. 2011లో వచ్చింది, 14 స్టూడియో ఆల్బమ్‌లు, 16 డిస్కులు, రీమాస్టర్ చేసింది, అంటే పాత రికార్డింగుల ధ్వనిని కొత్తగా మెరుగుదిద్దింది, జేమ్స్ గత్రీ. ఇదంతా ఎవరైనా ఇస్తారు. ఆ తరువాత 'ప్రతి స్వరమూ స్ఫటికంలా స్వచ్ఛంగా వినిపిస్తోంది' అన్నావు. ఆ వాక్యం రాయడానికి పెట్టె తెరవనక్కరలేదు.

'రీమాస్టరింగ్‌లో గిటార్ పెంచారు' అనడం కూడా పొరపాటే. వాయిద్యాలను విడివిడిగా తీసి హెచ్చుతగ్గులు చేస్తే అది రీమిక్స్. రీమాస్టర్ చేసేవాడి చేతికి వచ్చేది అప్పటికే అన్నీ కలిసిపోయిన టేపు. ఉడికిన పులుసులోంచి చింతపండును వేరు చేయలేం కదా.

మూడోసారి చదివినప్పుడు చివరి పేరాలో, కుండలీకరణాల మధ్య, ఒక చిన్న మాట కనిపించింది. 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్‌లో అదే పేరున్న పాట మొదట్లో ఎవరో దగ్గారని రాశావు. అక్కడ ఆగిపోయాను. మొత్తం వ్యాసంలో నీ చెవి విన్నది అదొక్కటే.

ఇంకోసారి విను. ముందు పాట చివర సంగీతమంతా ఉన్నట్టుండి కుంచించుకుపోయి రేడియోలోకి జారుతుంది. స్టేషన్లు మారతాయి. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ తునక ఒకటి వచ్చి పోతుంది. ఆ తరువాత పన్నెండు తీగల గిటార్, ట్రాన్సిస్టర్‌లోంచి వస్తున్నట్టు సన్నగా. గదిలో ఎవరో సర్దుకుని కూర్చుని, దగ్గి, ఆ రేడియోకు తోడుగా నిండైన గిటార్ అందుకుంటారు.

నేను దీన్ని మొదట హాస్టల్ గదిలో, అరువు తెచ్చిన క్యాసెట్‌లో విన్నాను. టేపు పాడైందనుకున్నాను. దూదిని స్పిరిట్‌లో ముంచి టేప్ రికార్డర్ హెడ్ తుడిచాను, వెనక్కి తిప్పాను, మళ్లీ తుడిచాను. ప్రతిసారీ అక్కడే ఆపేసేవాణ్ణి. నాలుగోసారి విసుగొచ్చి వదిలేస్తే రెండో గిటార్ గది నిండా వచ్చింది. క్యాసెట్‌లో ఏ లోపమూ లేదు. ఆ సన్నదనం కావాలని చేసింది. నా మొదటి వ్యాసం ఆ ఒక్క నిమిషం గురించే రాశాను. సంపాదకుడు ఆ పేరా తీసేసి, సభ్యుల పేర్లూ ఆల్బమ్‌ల సంవత్సరాలూ ఉంచాడు. పాఠకుడికి సమాచారం చాలన్నాడు. ఇంకో పత్రికలో నక్షత్రాలు వేయమన్నారు, మూడున్నరా నాలుగా తేల్చమని ఫోన్లు. ముప్పై ఏళ్లు దాటినా ఆ కోత నాకు మానలేదు. నీ దగ్గును నువ్వే కుండలీకరణాల్లోకి నెట్టేస్తే నాకు కోపం రాదా?

పింక్ ఫ్లాయిడ్ వాళ్లు చప్పుడును చేత్తో చేసినవాళ్లు. 1973లో 'మనీ' పాట కోసం నాణేల గలగల, కాగితం చిరుగు, నగదు యంత్రం టకటక, అన్నిటినీ రికార్డు చేసి, టేపు ముక్కలను స్కేలుతో కొలిచి కోసి, ఏడు చప్పుళ్లు అతికించి వలయంగా తిప్పారు. అలాంటి పని ముందు 'స్వచ్ఛం' అనే మాట ఎంత బీదదో చూడు. ఆ రేడియో గిటార్‌ను శుభ్రంగా కడిగేస్తే పాటే ఉండదు.

ఎందుకంటే అది లేని మనిషి గిటార్. నేనలాగే వింటాను. బృందాన్ని మొదట నడిపించిన సిడ్ బారెట్ 1968లో దూరమయ్యాడు. 1975 జూన్ 5న, ఇదే ఆల్బమ్ పని జరుగుతుండగా, అబీ రోడ్ స్టూడియోలోకి నడిచి వచ్చాడు. లావెక్కాడు, తలా కనుబొమలూ గొరిగేసుకున్నాడు. ఒకప్పటి తోటివాళ్లు అతన్ని వెంటనే పోల్చుకోలేకపోయారు. ఒక గిటార్ ఎక్కడో దూరాన, రెండోది ఇక్కడ, గదిలో. మధ్యలో ఆ దగ్గు.

ఈ రాత్రి ఆ డిస్కు ఒక్కటే పెట్టుకో. ఆ నిమిషం గురించి రెండు పేజీలు రాసి పంపు. మిగతా పదమూడు ఆల్బమ్‌లు పెట్టెలోనే ఉండనీ.

ఆశీస్సులతో.