వ్యాన్‌ను హైవే మీద 80లో నడపాలా, 100లో నడపాలా?

కొత్తగా 12 సీట్ల డీజిల్ వ్యాన్ తీసుకున్నాను, హన్మకొండ నుంచి హైదరాబాద్ కిరాయిలకు తిప్పుతాను, 100లో పోతే ఇంజన్ తొందరగా అరుగుతుందా అని అడిగారు. అరుగుతుంది. పదకొండేళ్లుగా ఇదే రోడ్డు మీద నడుపుతున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను, 80 దాటించకండి.

నాకు ఇది తెలిసొచ్చింది ఒక పెళ్లి కిరాయిలో. మే నెల. ఉప్పల్‌లో 12:40కి ముహూర్తం, వాళ్లు ఇంట్లోంచి కదిలేసరికే పదయింది. లోపల పన్నెండు మంది, ఏసీ ఫుల్లు, పైన క్యారియర్ నిండా సారె బిందెలు, పెట్టెలు. పక్క సీట్లో పెళ్లికూతురి నాన్న. ‘అన్నా, జర తొక్కు’ అని పది నిమిషాలకోసారి అంటున్నాడు. ఆయన టెన్షన్ చూసి నేనూ తొక్కాను. జనగామ దాటాక 100 మీదే ఉన్నాను. ఆలేరు దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది, వెనక తెల్ల పొగ. హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయింది. ఆ ఎండలో ఆడవాళ్లు, పిల్లలు పట్టుచీరలతో, పట్టులంగాలతో రోడ్డు పక్కన నిలబడటం నేను ఇప్పటికీ మరిచిపోలేను. దారిన పోయే బండ్లను ఆపి ఇద్దరిద్దరిని ఎక్కించి పంపాను.

హెడ్ విప్పిన మెకానిక్ అసలు సంగతి చెప్పాడు. బోరు నీళ్లు పోసీ పోసీ ఉప్పు పేరుకుని, ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ సగం పూడుకుపోయింది. ‘80లో పోతే ఈ సగంతోనే నెట్టుకొచ్చేది, 100లో పుట్టే వేడిని ఇది మోయలేదు’ అన్నాడు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఎప్పుడు పోతుందో! రేడియేటర్‌లో పోయడానికే అమ్మే కూలెంట్‌కు పెట్టే డబ్బులు దండగ కాదండీ.

80 నుంచి 100కు పోతే వేగం పెరిగేది పావు వంతే. కానీ గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఆ గాలిని తోయడానికి ఇంజన్ ఇవ్వాల్సిన పవర్ దాదాపు రెట్టింపు. వ్యాన్ ముఖమేమో గోడలాంటిది, పైన క్యారియర్ ఒకటి. ఆ పవర్ డీజిల్ నుంచే రావాలి, డీజిల్ ఎంత కాలితే అంత వేడి. వేడికి ఆయిల్ పలచబడితే బేరింగులకు, రింగులకు రక్షణ తగ్గుతుంది.

100లో పోతే ఇంజన్ తక్కువ సేపే తిరుగుతుంది కదా అని మా స్టాండులో వాదిస్తారు. టాప్ గేర్‌లో కిలోమీటరుకు ఇంజన్ తిరిగే చుట్లు ఏ వేగంలోనైనా అన్నే. తేడా అంతా ఒక్కో చుట్టుకు పడే భారంలో, వేడిలో ఉంది. అలాగని టాప్ గేర్‌లో 40కి దించి గుంజించకండి, అదీ చెరుపే.

ఇంతా చేసి మిగిలేదెంత? 145 కిలోమీటర్లకు లెక్క కడితే 22 నిమిషాలు. అవి ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా ట్రాఫిక్‌లోనే పోతాయి. ముహూర్తం ఉన్నవాళ్లు అరగంట ముందు బయలుదేరాలి గానీ డ్రైవర్‌ను తొందరపెడితే ఎట్లా? నేనిప్పుడు కిరాయి మాట్లాడేటప్పుడే బయలుదేరే టైం రాయించుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి. క్యారియర్ మీద సామాను ఉన్నరోజు 70 చాలు.