అప్పు ఉండగా దశమభాగం ఇవ్వాలా?

ప్రశ్న: మాది తెనాలి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు ఎలక్ట్రీషియన్. ఇద్దరికీ కలిపి నెలకు 52,000 వస్తుంది. అందులో పదో వంతు, 5,200 దశమభాగంగా చర్చికి ఇస్తాం. మావారి ఆపరేషన్‌కు తెచ్చిన 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ కడుతున్నాం. మందిరం కట్టడానికి 25,000 ఇస్తామని మాట కూడా ఇచ్చాం. దుగ్గిరాల పసుపు యార్డులో కూలికి వెళ్లే మా చిన్నమ్మకు భర్త లేడు. అప్పుడప్పుడూ వచ్చి డబ్బులు అడుగుతుంది. ఇవ్వలేక, లేదనలేక టెన్షన్ పడుతున్నాను. కానుక తగ్గిస్తే పాపమా? పాప పెళ్లికని దాచిన బంగారం 8 కాసులుంది.

జవాబు: నేనూ ఆదివారం కానుక కవరు వేసేవాణ్నే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. ముందు లెక్క చూద్దాం, బైబిలు వాక్యం తర్వాత.

రెండు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది గానీ, ఏడాదికి 24 శాతం. నెలకు 6,000. దేవుడికిచ్చే దానికంటే వడ్డీ వ్యాపారికిచ్చేదే ఎక్కువన్నమాట. ఇలాగే నాలుగేళ్లు నడిస్తే 2,88,000 వడ్డీ కట్టి ఉంటారు, అసలు మాత్రం పైసా తగ్గదు. బీరువాలో బంగారం భద్రంగానే ఉంది, పాప పెళ్లి డబ్బే బయట కరిగిపోతోంది.

ఆ బంగారం బ్యాంకులో పెట్టి 3 లక్షలు తెచ్చి బయటి అప్పు తీర్చేయండి. 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 2,500. మిగిలే 3,500 అసలుకు జమ చేయండి. మధ్యమధ్యలో అసలు కట్టించుకునే పద్ధతి ఉందో లేదో ముందే అడగండి. కొన్నిచోట్ల ఏడాదికోసారి లోన్ తిరగరాయించుకోవాలి, ఆ తేదీ మర్చిపోకండి.

ఇక కానుక. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో, ఇచ్చేది కలిగిన దాన్ని బట్టే గానీ లేనిదాన్ని బట్టి కాదని స్పష్టంగా చెప్పాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు ఇంట్లో తిరుగుతున్నప్పుడు కలిగినదెంతో మీరే చూసుకోండి. పైగా దశమభాగం అనగానే మనకు చర్చి ఒక్కటే గుర్తొస్తుంది. ద్వితీయోపదేశకాండం 14లో మూడో ఏటి దశమభాగం ఊళ్లోనే ఉంచి గుడి సేవ చేసే లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేని పిల్లలకు, విధవరాళ్లకు పెట్టమని ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది: విశ్వాసురాలి ఇంట్లో విధవరాళ్లుంటే ఆమే చూసుకోవాలి, సంఘం మీద భారం వేయకూడదు. మీ చిన్నమ్మ సంగతి అక్కడే తేలిపోయింది. దేవుడికి అర్పించేశామని చెప్పి అమ్మానాన్నలకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త 7లో చదవండి.

కాబట్టి 5,200 ఆపమనను, పంచమంటాను. అప్పు తీరేదాకా 2,000 చర్చికి, 1,500 చిన్నమ్మకు, 1,700 అసలుకు. బ్యాంకుకు నెలకు మొత్తం 7,700 వెళ్తుంది, దాదాపు నాలుగేళ్లలో బాకీ పూర్తవుతుంది.

ఆ 1,500 జీతం పడిన రోజే చిన్నమ్మ ఖాతాలో వేసేయండి. లేవీయకాండంలో పొలం అంచులు కోయొద్దని, రాలిన పరిగె బీదలకు వదిలేయమని ఉంది. అంటే పంట ఇంటికి చేరకముందే బీదల వాటా పొలంలో ఉండిపోతుంది. వాళ్లు గుమ్మంలో నిలబడి అడగాల్సిన పని లేదు. బైబిల్లోని రూతు తన అత్తను పోషించింది అలా ఏరుకునే. నెలనెలా వస్తుందని తెలిస్తే చిన్నమ్మకూ ధైర్యం, మీకూ గొడవ ఉండదు. పైన ఎప్పుడైనా చేబదులు అడిగితే తిరిగి రాకపోయినా ఫర్వాలేదనుకున్నంతే ఇవ్వండి. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండం చెప్తోంది, వడ్డీ మాట ఎత్తనే వద్దు.

నిజానికి ఆమెకు డబ్బుకంటే మీ చదువు ఎక్కువ పనికొస్తుంది. వితంతు పింఛను వస్తోందా? ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 4,000. మీ 1,500కు రెట్టింపు కంటే ఎక్కువ. రాకపోతే ఒక పూట సెలవు పెట్టి సచివాలయానికి తోడు వెళ్లండి. ఆధార్‌లో పేరు, భర్త మరణ ధ్రువపత్రం సరిగ్గా ఉన్నాయో చూడండి. 50 ఏళ్లు దాటకపోతే ఆమె బ్యాంకు ఖాతా నుంచే ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి జీవిత బీమా తీసుకోవచ్చు, ఏడాదికి 436. ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలే. ఒక్కోదానికి 2 లక్షల కవర్. ఈ 456 మీరు కట్టండి. మీవారికీ ఇవి రెండూ ఉండాలి.

కానుకలకు పన్ను మినహాయింపు గురించి ఆలోచించకండి. మీ ఆదాయానికి కొత్త విధానంలో పన్నే పడదు.

మందిరం 25,000 సంగతి కొంచెం కష్టమే. మొక్కుకున్నాక చెల్లించాలని బైబిల్లో ప్రసంగి గ్రంథంలోనే ఉంది. అందుకే తప్పించుకు తిరగకుండా ఇద్దరూ పాస్టరు గారి దగ్గరకు వెళ్లి లెక్క చూపించి, అప్పు తీరాక ఇస్తామని గడువు అడగండి. కానుకల జాబితా చదివే ఆదివారం కంటే ముందే వెళ్లండి.

వ్యాపారికి డబ్బు తిరిగిచ్చే రోజు చెల్లు రాయించుకుని, ప్రామిసరీ నోటు చేతికి తీసుకున్నాకే ఇంటికి రండి.