అన్నం తిన్నాడా అని అడగకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి పదకొండింటికి మీ నాన్న ఫోను చేశాడు. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఇప్పటికీ నా కాళ్లు చెప్పుల కోసం వెతుక్కుంటాయి. రిటైరై తొమ్మిదేళ్లయినా ఈ రోగం వదలలేదు. "అక్కా, దానికి పీజీలో రేడియాలజీ వచ్చే ర్యాంకు ఉంది. వెబ్ ఆప్షన్లలో మాత్రం అనస్థీషియా ముందు పెడతానంటోంది. నువ్వే దాన్ని చెడగొట్టావు" అన్నాడు. నాకేమీ తెలియదని ఒట్టు వేశాను. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ నాన్న బెంగ ఏమిటో నాకు తెలుసు. ఇంటి ముందు బోర్డు కట్టుకునే చదువు కాదు ఈ మత్తు వైద్యం. ఆపరేషన్ బాగా జరిగితే స్వీటు డబ్బా సర్జన్‌కు వెళుతుంది. మత్తు ఇచ్చిందెవరో రోగికి గుర్తుండదు. గుర్తుండకూడదనే కదా మనం మందు ఇచ్చేది! పెళ్లిళ్లలో "మీరు ఏ డాక్టరండీ?" అని అడుగుతారు. మత్తు డాక్టర్ అనగానే "ఓహో, సూది వేసి వచ్చేస్తారా?" అంటారు. నలభై ఏళ్లు విన్నాను ఆ మాట. సూది వేయడం అరనిమిషం పని. మళ్లీ కళ్లు తెరిచేదాకా ఆ మనిషి తీసుకునే ప్రతి ఊపిరికీ పూచీ మనదే.

ఈసారి నాన్న గొణిగితే ఈ ఊరి సంగతి చెప్పు. అప్పటి మత్తుమందు క్లోరోఫారం ప్రాణాలు ఎలా తీస్తోందో తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో ఒకసారి హైదరాబాద్‌లోనే కమిషన్లు కూర్చున్నాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వానిది, నడిపించింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. నువ్వు ఎవరి వరసలోకి వెళుతున్నావో మీ నాన్నకు తెలియాలి. లారీ మాత్రం ఊపిరి చూసుకోండి చాలు, క్లోరోఫారంతో గుండె నేరుగా ఆగదు అని తీర్పు చెప్పేశాడు. 1911లో లీవీ అనే వైద్యుడు, మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోగలదని నిరూపించాడు. వందల ప్రయోగాలు చేసిన పెద్దమనిషి లారీ, తనకు ముందే తెలుసనుకున్న చోట దెబ్బతిన్నాడు. నేనూ అక్కడే దెబ్బతిన్నాను. దాని దగ్గరికి వస్తాను.

ముందు మామూలు సంగతులు. పీజీ మూడేళ్లు. కాలేజీ పేరు కంటే, రాత్రిపూట సీనియర్ థియేటర్‌లో పక్కన నిలబడతారా, ఇంటి నుంచి ఫోనులో చెబుతారా అన్నది ముఖ్యం. అక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లలను అడుగు. ఆ తర్వాత క్రిటికల్ కేర్‌లోనో గుండె ఆపరేషన్ల మత్తులోనో డి.ఎం. అనే పై చదువు చేస్తే మరో మూడేళ్లు. ఆ గొడవ ఇప్పుడే వద్దు. మొదటి ఆరు నెలలు మాస్కు సరిగ్గా పట్టుకుని ఊపిరి అందించడం నేర్చుకో. గొంతులోకి ఊపిరి గొట్టం వేయడం అదే వస్తుంది. పేరు రాయని సిరంజీని ట్రేలో పెట్టకు.

నైట్ డ్యూటీ దిగాక స్కూటీ ఎక్కకు. ఇది సలహా కాదు, ఆజ్ఞ. నాతో చదివిన అమ్మాయి ఒకతి ఇరవై నాలుగు గంటల డ్యూటీ దిగి లూనా మీద వెళుతూ నిద్రలోకి జారి డివైడర్‌ను గుద్దింది. బతికింది. కుడిచేతి వేళ్లు మాత్రం సర్జరీకి పనికిరాకుండా పోయాయి. గాంధీ ఆస్పత్రి దగ్గర మెట్రో ఉంది, ఉస్మానియా అయితే ఎంజీబీఎస్ ఉంది. ఎంజీబీఎస్ నుంచి మీ దిల్‌సుఖ్‌నగర్‌కు బండి మారకుండా రావచ్చు, గాంధీ నుంచైతే ఎంజీబీఎస్‌లో ఒకసారి మారితే చాలు. నిద్రపట్టి ఎల్బీనగర్ దాకా వెళ్లిపోయినా ఫరవాలేదు, అక్కడ రైలు ఖాళీ చేయించేటప్పుడు ఎవరో ఒకరు లేపుతారు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1984. పీజీ రెండో ఏడు, సంక్రాంతి రోజులు. ఏ ఆస్పత్రి అన్నది అనవసరం. మేడ మీద గాలిపటం ఎగరేస్తూ పడిపోయిన ఎనిమిదేళ్ల బాబును రాత్రి తీసుకొచ్చారు. మోచెయ్యి విరిగింది, మణికట్టు దగ్గర నాడి సరిగా అందడం లేదు. తెల్లారేదాకా ఆగే కేసు కాదు. బాబు నాయనమ్మ ఒడిలో ఉన్నాడు. "అవ్వా, అన్నం తిన్నాడా?" అని అడిగాను. "లేదు తల్లీ, గాలిపటం పిచ్చిలో పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదు" అంది. నేను కడుపు ఖాళీ అని రాసుకుని లోపలికి తీసుకెళ్లాను. సీనియర్‌ను లేపలేదు. చిన్న పిల్లాడి కేసుకు కూడా లేపితే నాకేం వచ్చినట్టు అనుకున్నాను.

అప్పటి మాస్కులు నల్ల రబ్బరువి, లోపల ఏం జరుగుతోందో కనబడదు. పల్స్ ఆక్సిమీటర్ లేదు. హాలోథేన్ అనే పీల్చే మత్తుమందును మెల్లగా పెంచుతున్నాను. పొట్ట ఒక్కసారి ఎగిసింది, గరగరమని శబ్దం వచ్చింది. మాస్కు తీసేసరికి నోటి నిండా వాంతి. పక్కకు తిప్పి, తల కిందికి దించి, సక్షన్ పెట్టి లాగాను. ఆ తెల్లటి పదార్థంలో నువ్వులు కనిపించాయి. సకినాలు! మేడ మీద ఆడుకుంటూ జేబు నిండా సకినాలు తిన్నాడు బాబు. అవ్వ అబద్ధం చెప్పలేదు. సకినాలు అన్నం కాదు కదా. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గొట్టం ఎలా వేశానో గుర్తు లేదు.

చెయ్యి దక్కింది. వాంతి జారిన ఊపిరితిత్తులు మాత్రం మూడు రోజులు మిషన్ మీద ఉన్నాయి. నాలుగో రోజు కళ్లు తెరిచాడు, పదిహేను రోజులకు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

తప్పు ఇదే అయితే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ రాత్రి కేస్ షీటులో "బంధువులు తప్పు సమాచారం ఇచ్చారు" అని రాశాను. ఆ మాట ఎవరో అవ్వకు చెప్పారు. మర్నాడు ఐసీయూ బయట ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "నా నోటి మాట వల్లే వాడికి ఇలా అయింది, క్షమించు తల్లీ" అని ఏడ్చింది. నేను "ఫరవాలేదులే అవ్వా" అన్నాను. తప్పు నాది, క్షమాపణ ఆమెది, పెద్దమనసు మళ్లీ నాది! ఆ తర్వాత కూడా వార్డులో ఆమె కనిపించింది. చెప్పడానికి పదిహేను రోజులు ఉన్నాయి నాకు. చెప్పలేదు.

మత్తుకు ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదన్న లెక్క నీకూ తెలుసు. అది ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్లకు. దెబ్బ తగిలినవాడికి నొప్పితో, భయంతో కడుపు కదలిక మందగిస్తుంది. తిన్న వేళకూ దెబ్బ తగిలిన వేళకూ మధ్య ఎంతసేపో చూడు, అనుమానం ఉంటే కడుపు నిండుగా ఉందనుకునే మత్తు ఇవ్వు. మనవాళ్లకు ఇడ్లీ టిఫిను, అరటిపండు ప్రసాదం, టీ అసలు లెక్కలోకే రాదు. శనివారం ఒక్కపొద్దు ఉన్నావిడ ఉప్మా తిని ఉపవాసం అంటుంది. పాతబస్తీలో "ఖానా ఖాయా?" అని అడిగినా ఇదే చిక్కు. చివరిసారి నోట్లో ఏం వేసుకున్నారు, ఎప్పుడు అని అడుగు. పిల్లలైతే పెద్దవాళ్లను కాదు, పిల్లలనే అడుగు. జేబులో చెయ్యి పెట్టి చూడు.

నీకో చెడ్డ అలవాటు ఉంది. ఎదుటివాళ్లు సగం చెప్పేలోపే "తెలుసు, తెలుసు" అంటావు. ర్యాంకు వచ్చాక మరీ ఎక్కువైంది. మొన్న మీ అమ్మ మాట్లాడుతుంటే రెండుసార్లు అన్నావు, లెక్కపెట్టాను. ఆ మాట థియేటర్ గడప దాటి లోపలికి రాకూడదు. నా తిట్టు ఇంతవరకే. ఆరేళ్లప్పుడు నా స్టెతస్కోపు మెడలో వేసుకుని మా ముసలి కుక్క పక్కన కూర్చున్నావు, గుర్తుందా? అది నిద్రపోతుంటే పొట్ట లేచిపడడం చూస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టావు. భోజనానికి పిలిస్తే "లేచేదాకా రాను" అన్నావు. నిన్న వంటింట్లో నేను నవ్వుకున్నది దానికే.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆప్షన్లు లాక్ చేసే ముందు ఆదివారం ఒకసారి ఇంటికి రా. పెసరట్లు వేస్తాను. వచ్చేటప్పుడు దారిలో ఏం తిన్నావో, ఎన్నింటికి తిన్నావో చెప్పాలి, అన్నం తినలేదు అంటే ఒప్పుకోను.

నీ మేనత్త